ఊరి మీద బెంగ... పేరు నోస్టాల్జియా!

వైద్యవిద్యార్థి ఒకరు మూడు శతాబ్దాల కిందట ఓ జబ్బుకు పెట్టిన పేరు అది. ఇప్పుడు పాత పాట విన్నా, చిన్ననాటి ఫొటో చూసినా అదే మాట అనేస్తున్నాం. ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న విశాఖపట్నంలో ఆ మాట వెంట నడిస్తే... దాని అసలు అర్థం ఇంకా సజీవంగానే కనిపిస్తుంది.

రాత్రి ఎనిమిది దాటింది. గాజువాక, కూర్మన్నపాలెం దాటి జాతీయ రహదారి మీద అనకాపల్లి వైపు వెళ్తుంటే వస్తుంది అగనంపూడి. భోజనాలు ముగించుకుని అరుగుల మీదికి చేరతారు పెద్దవాళ్లు. స్టీల్‌ప్లాంటు వైపు గొట్టాల కొసన మండే వాయువుల వెలుగుకు ఆకాశం ఎర్రబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడో నిప్పంటుకుందని కంగారుపడతారు. అలవాటైనవాళ్లు తలెత్తి కూడా చూడరు.

అరుగు మీది పెద్దలు మాత్రం చూస్తారు. ఆ ఎరుపు కింద ఎక్కడో ఒకప్పుడు వాళ్ల ఊరుండేది. ఊరంటే ఇళ్లే కాదుగా... రామాలయం, నుయ్యి, కళ్లం, తాటితోపు, జీడితోట, పొలిమేరలో గ్రామదేవత. ‘మీదేవూరండీ?’ అని ఎవరైనా అడిగితే వాళ్ల నోట అగనంపూడి అన్న మాట వెంటనే రాదు. ముందు ఆ పాత ఊరి పేరే వస్తుంది. బస్సు ఆగని, పటంలో లేని ఊరు!

ఆ మాట వింటే ఇంగ్లిష్ తెలిసిన ఈ కాలం పిల్లలు ‘నోస్టాల్జియా’ అంటారు. నిజమే, అదే. కానీ ఆ పదాన్ని ఇప్పుడు ఎంత తేలిగ్గా వాడేస్తున్నామో! పదో తరగతి బ్యాచ్ పాతికేళ్ల తర్వాత కలుసుకుంటే నోస్టాల్జియా. అటక మీద టేప్‌రికార్డరు దొరికితే నోస్టాల్జియా. గోళీసోడా తాగితే నోస్టాల్జియా. తియ్యగా, హాయిగా, కాస్త కన్ను చెమర్చేలా ఉండే జ్ఞాపకం అన్నమాట. ఆ పదం పుట్టినప్పుడు మాత్రం అందులో తీపి లేదు. మనుషులు దానితో మంచం పట్టేవారు. కొందరు చనిపోయేవారు కూడా.

19 ఏళ్ల కుర్రాడి పదం

సంవత్సరం 1688. స్విట్జర్లాండులోని బాజెల్ విశ్వవిద్యాలయం. యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి ఓ పరిశోధన పత్రం సమర్పించాడు. అప్పటికి అతని వయసు 19 ఏళ్లు. ఇంటికి దూరమైనవాళ్లలో కనిపించే ఓ వింత జబ్బు గురించి అందులో రాశాడు. ఆకలి ఉండదు, నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, జ్వరం వస్తుంది, ఎప్పుడూ ఇంటి ధ్యాసే. మనిషి రోజురోజుకీ చిక్కిపోతాడు.

దానికి ఆ కుర్రాడు పెట్టిన పేరే నోస్టాల్జియా. గ్రీకు భాషలో ‘నోస్తోస్’ అంటే ఇంటికి తిరిగి రావడం. ‘ఆల్గోస్’ అంటే నొప్పి. రెండూ కలిపి... ఇంటికి చేరాలన్న తపన పెట్టే నొప్పి. ఈ ‘ఆల్గోస్’ మనకు కొత్తదేం కాదు. నరాల నొప్పిని డాక్టర్లు న్యూరాల్జియా అంటారు, కండరాల నొప్పిని మయాల్జియా అంటారు. నొప్పి తగ్గించే మాత్ర అనాల్జెసిక్. వాటన్నింటిలో ఉన్న నొప్పే ఇందులోనూ ఉంది. 

గ్రీకు ముక్కలతో ఉండటంవల్ల ఇదేదో ప్రాచీన పదం అనుకుంటారు చాలామంది. కానీ ప్రాచీన గ్రీకులు ఈ మాటను ఎన్నడూ వాడలేదు. ట్రాయ్ యుద్ధం ముగిశాక ఇల్లు చేరడానికి పదేళ్లు తిరిగిన ఒడిస్యూస్ కథంతా ‘నోస్తోస్’ గురించే. అమరత్వం ఇస్తానని దేవకన్య చెప్పినా కాదని, సముద్రం ఒడ్డున కూర్చుని ఇంటికోసం ఏడ్చిన వీరుడతను. అయినా ఆ ఏడుపుకు హోమర్ ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టలేదు. ఆ పని 17వ శతాబ్దపు వైద్యవిద్యార్థి చేశాడు. ఇంకో విశేషం. హోఫర్ మరో రెండు పేర్లు కూడా సూచించాడు... ‘నోసోమానియా’, ‘ఫిలోపాట్రిడోమానియా’. అవి నిలబడలేదు. నిలబడి ఉంటే పదో తరగతి పూర్వ విద్యార్థుల గతేమయ్యేదో!

అతను వర్ణించిన రోగుల్లో ఇద్దరి కథ చిత్రంగా ఉంటుంది. ఒకరు బెర్న్ నుంచి బాజెల్‌కు చదువుకోవడానికి వచ్చిన యువకుడు. ఇక బతకడన్న స్థితిలో సొంతూరికి పంపించేస్తుంటే, ఊరింకా రాకముందే దారిలోనే కోలుకోవడం మొదలుపెట్టాడట. మరొకరు కింద పడి దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరిన పల్లెటూరి అమ్మాయి. చుట్టూ కొత్త మొహాలు, మందులు. తిండి మానేసింది. ఏమడిగినా ఒక్కటే జవాబు... ఇంటికెళ్తాను. ఇంటికి తీసుకెళ్లాక కొద్దిరోజుల్లోనే లేచి తిరిగింది.

అమ్మలకు ముందే తెలుసు

ఈ రెండు కథలూ చదివిన ఏ తెలుగు అమ్మకైనా నవ్వొస్తుంది. ‘ఇందులో కనిపెట్టడానికేముంది, బెంగ పెట్టుకున్నారు’ అనేస్తుంది.

నిజంగానే బెంగ అన్న మాట హోఫర్ పదానికి అచ్చంగా సరిపోతుంది. తెలుగిళ్లలో బెంగ ఉత్త మనోభావం కాదు, ఒంటికి వచ్చే జబ్బు కూడా. తల్లి పురిటికి వెళ్తే పెద్దబిడ్డకు బెంగతో జ్వరం వస్తుంది. హాస్టల్లో వేసిన పిల్లాడు బెంగతో చిక్కి సగమవుతాడు. కొత్త కోడలికి అన్నం సహించదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అయితే ‘గుంటడు బెంగెట్టుకున్నాడమ్మా, ఓపాలి ఊరు తీసుకెళ్లండి’ అంటారు. రోగం, కారణం, మందు... మూడూ ఒక్క వాక్యంలో ఉన్నాయి చూడండి! హోఫర్ చెప్పిన చికిత్స కూడా చివరికి అదే. కడుపు శుభ్రం చేసే మందులూ అవీ రాశాడుగానీ, అసలైన మందు రోగిని ఇంటికి పంపడమేనన్నాడు.

అతను కూడా జనం మాట తెలియనివాడేం కాదు. అక్కడివాళ్లు ఆ బాధను అప్పటికే ‘హైమ్‌వే’ అనేవారు. ‘ఇంటి నొప్పి’ అని అర్థం. దానికి వైద్యగ్రంథాల్లో చోటు దక్కాలంటే గ్రీకు పేరు కావాలి కాబట్టి, జనం మాటకు శాస్త్రం కోటు తొడిగాడు, అంతే.

ఆ తర్వాత దానికి రకరకాల కారణాలు వెతికారు. విదేశీ సైన్యాల్లో జీతానికి పనిచేసే స్విస్ సిపాయిలకు ఈ జబ్బు ఎక్కువగా వచ్చేదని చెప్పుకొనేవారు. కొండల్లో పుట్టినవాళ్లు మైదానాలకు దిగితే గాలి ఒత్తిడి పెరిగి ఇలా అవుతుందని షాయిక్జర్ అనే స్విస్ పండితుడు 18వ శతాబ్దం మొదట్లో సిద్ధాంతం చేశాడు. ఇక, పశువుల కాపర్లు పాడుకునే ఓ రాగం వింటే ఆ సిపాయిలు ఏడ్చేవారనీ, కొలువు వదిలి పారిపోయేవారనీ, అందుకే సైన్యంలో ఆ రాగాన్ని నిషేధించారనీ ఫ్రెంచి తత్వవేత్త రూసో 1768లో ప్రచురించిన తన సంగీత నిఘంటువులో రాశాడు. అమెరికా అంతర్యుద్ధంలో సైతం (1861-65) ఉత్తరాది సైన్యం వైద్యులు 5 వేలకు పైగా సిపాయిల పేర్ల ఎదుట జబ్బు ‘నోస్టాల్జియా’ అని నమోదు చేశారు. వాళ్లలో పదుల సంఖ్యలో చనిపోయారు కూడా.

ఓడెక్కిన మాట

ఇంత చరిత్ర ఉన్న ఆ పదం ఇంగ్లిష్‌లోకి వచ్చిన తొలినాళ్లలో ఓడ కూడా ఎక్కింది. 1770 సెప్టెంబరు. కెప్టెన్ కుక్ ఓడ ‘ఎండీవర్’ న్యూగినీ తీరం వదిలింది. ఇంగ్లండు విడిచి అప్పటికి రెండేళ్లు దాటింది. ఆ ఓడలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ తన డైరీలో ఓ సంగతి రాసుకున్నాడు. నావికులంతా ఇంటి మీద బెంగతో నీరసపడిపోయారనీ, వైద్యులు దీన్ని నోస్టాల్జియా అనే జబ్బుగా లెక్కిస్తున్నారనీ. కెప్టెన్‌కీ, డాక్టర్ సొలాండర్‌కీ, తనకీ తప్ప ఓడలో దాదాపు అందరికీ అది సోకిందట. తమ ముగ్గురికీ ఎందుకు రాలేదంటే బుర్రకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉండటంవల్ల అని అతని లెక్క.

ఓడరేవు ఊళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. విశాఖ వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దాటి కొండమీది చర్చి దగ్గర నిలబడితే ఎదురుగా యారాడ కొండ కనిపిస్తుంది. అదే డాల్ఫిన్స్ నోస్. దానికీ ఊరికీ మధ్యనున్న సన్నటి కాలువలోంచే ఓడలు లోపలికి వస్తాయి. ఒడ్డు నుంచి చూసేవాళ్లకు ఓడ ఓ వేడుక. ఓడలోంచి చూసేవాళ్లకు ఆ కొండ, దీపస్తంభం... మరో ఊరు, తమది కాని ఊరు. కరోనా సమయంలో, 2020లో రేవులు మూతపడి, విమానాలు ఆగిపోయి, ప్రపంచవ్యాప్తంగా సుమారు 4 లక్షల మంది నావికులు ఒప్పందం గడువు ముగిసినా ఓడ దిగలేకపోయారు. నెలల తరబడి నీళ్ల మీదే ఉండిపోయారు. బ్యాంక్స్ డైరీలోని పేజీ 250 ఏళ్ల తర్వాత మళ్లీ తెరుచుకున్నట్టయింది.

రంగం వెళ్లినవాళ్లు

విశాఖ సముద్రానికి ఇంకో బెంగ కూడా తెలుసు. దాని పేరు రంగం. రంగూన్‌ను ఉత్తరాంధ్ర జనం అలాగే పిలుచుకునేవారు. విశాఖలో ఓడరేవు లాంఛనంగా ప్రారంభమైంది 1933 డిసెంబరులో. అంతకు ముందు ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. జనాన్ని, సరుకుల్ని మసూలా పడవల్లో అక్కడికి చేర్చేవారు. కరవుకాలంలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల పల్లెల నుంచి వేలమంది అలా ఓడెక్కి బర్మా వెళ్లారు. రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

వాళ్లు అక్కడ ఉన్నంతకాలం ఇక్కడి ఊరి మీద బెంగ. డబ్బు కూడబెట్టి ఇంటికి పంపడం, నాలుగేళ్లకోసారి రావడం, మళ్లీ వెళ్లడం. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె ముగిసిన వేళ వాళ్లకూ, వాళ్ల స్థానంలో పనిలోకి వచ్చిన బర్మా కూలీలకూ మధ్య గొడవ రేగి, పెద్ద అల్లర్లయ్యాయి. ఎంతోమంది ప్రాణాలు కోల్పోయారు. అయినా చాలామంది వదిలి రాలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక మాత్రం కదలక తప్పలేదు. ఓడ దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చారు. అలా బర్మా విడిచిన భారతీయులు సుమారు 5 లక్షలు. దారిలోనే రాలిపోయినవారు వేలల్లో. బతికి తీరం చేరినవాళ్లు హమ్మయ్య అనుకునేలోపే, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా జపాను బాంబులు పడ్డాయి.

రెండో విడత 1960ల్లో. 1962లో బర్మాలో నీ విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేశారు. తరాలుగా అక్కడున్న భారతీయ కుటుంబాలు కట్టుబట్టలతో ఓడలెక్కాయి. అలా విశాఖ చేరినవాళ్ల గుర్తుగానే కంచరపాలెం ప్రాంతంలో ‘బర్మా క్యాంపు’ అనే పేరు నిలిచిపోయింది.

ఇక్కడే పదం అడ్డం తిరుగుతుంది. తల్లిదండ్రుల లెక్కలో అది ఇంటికి తిరిగి రావడం. హోఫర్ భాషలో ‘నోస్తోస్’. కానీ పిల్లలో? వాళ్లు పుట్టింది అక్కడ. ఆడుకున్న వీధి అక్కడ, స్నేహితులు అక్కడ, నోటికి అలవాటైన రెండో భాష అక్కడిది. పెద్దలకు బెంగ తీరిన రోజే పిల్లలకు బెంగ మొదలైంది. నూడుల్స్, కొబ్బరిపాల పులుసు కలిపి చేసే ఖౌస్వే లాంటి బర్మా వంటకాలు కొందరి ఇళ్లలో తెలుగు వంటల పక్కన చేరాయి. ఇంటికి పంపితే తగ్గిపోతుందన్నాడు హోఫర్. మరి ఏ ఇంటికి?

కాంట్ చెప్పిన కిటుకు

దీనికి జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ 1798లో ఓ జవాబు చెప్పాడు. బెంగ పెట్టుకున్నవాళ్లు తీరా సొంతూరికి వెళ్లాక నిరాశపడతారనీ, ఆ నిరాశతోనే వాళ్ల జబ్బు నయమైపోతుందనీ అన్నాడు. అక్కడ అంతా మారిపోయిందని వాళ్లనుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే వాళ్లు వెతుక్కుంటున్నది ఊరిని కాదు, ఆ ఊళ్లో గడిచిన తమ చిన్నతనాన్ని. అదెలాగూ తిరిగి రాదు.

ఎంత నిజమో! ఉద్యోగాల కోసం హైదరాబాదో అమెరికానో వెళ్లినవాళ్లు పండక్కి ఊరొస్తారు. చెరువు చిన్నదైపోయినట్టుంటుంది. బడి మెట్లు పొట్టివైపోయినట్టుంటాయి. రెండ్రోజులకే ‘ఎప్పుడు బయల్దేరదాం’ అంటారు. బెంగ తీరింది, పనిలో పడొచ్చు.

నోస్టాల్జియా అన్న పదం మెల్లగా చోటు నుంచి కాలం మీదికి జరిగింది కూడా ఇందుకే. 20వ శతాబ్దంలో అది వైద్య పుస్తకాలు వదిలి సినిమాల్లోకీ, ప్రకటనల్లోకీ వచ్చేసింది. దాని మీద శాస్త్రవేత్తల అభిప్రాయమూ మారింది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనాల్లో తేలిందేమిటంటే... మనిషి ఒంటరితనంతోనో దిగులుతోనో ఉన్నప్పుడు పాత జ్ఞాపకాలు ముసురుకుంటాయి, అవి నలుగురితో తనకున్న అనుబంధాన్ని గుర్తుచేసి ధైర్యాన్నిస్తాయి. అంటే ఒకనాటి జబ్బు ఇప్పుడు మందులా పనిచేస్తోందన్నమాట.

బాగానే ఉంది. కానీ కాంట్ చెప్పిన చిట్కా పనిచేయాలంటే ఒక షరతు ఉంది. వెళ్లి చూసి నిరాశపడటానికైనా... ఊరంటూ ఉండాలి.

కొలిమి కింది ఊళ్లు

విశాఖ ఉక్కు కోసం ఆంధ్రదేశం ఎంతగా పోరాడిందో తెలిసిందే. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం ఊరూరా మార్మోగింది. టి.అమృతరావు నిరాహారదీక్ష చేశారు. నవంబరు 1న విశాఖలో జరిగిన పోలీసు కాల్పులతో సహా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు.

ఈ తేదీల మధ్యలో ఇంకో కథ ఉంది. కర్మాగారానికి, ఉక్కునగరానికి సుమారు 20 వేల ఎకరాలు కావాల్సి వచ్చాయి. 64 గ్రామాలు, 16 వేలకు పైగా కుటుంబాలు కదిలాయి. ఆంధ్రులందరి హక్కు కోసం ఆ ఊళ్లవాళ్లు ఇచ్చింది తమ చిరునామా. వాళ్లకు అగనంపూడి, పెదగంట్యాడ, వడ్లపూడి లాంటిచోట్ల పునరావాస కాలనీల్లో స్థలాలు వచ్చాయి. చేతికి ఓ కార్డు వచ్చింది. పునరావాసానికి ఇంగ్లిష్‌లో ఉన్న మాటలోని మొదటి అక్షరంతో దాన్ని ‘ఆర్‌కార్డు’ అంటారు. కుటుంబంలో ఒకరికి ఉద్యోగం వస్తుందన్న ఆశకు అదే ఆధారం.

కర్మాగారంలో మూడు బ్లాస్ట్‌ఫర్నేసులు ఉన్నాయి. వాటికి గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. చక్కటి పేర్లు. ఏడాదికి 73 లక్షల టన్నుల ఉక్కు తయారుచేసే సామర్థ్యం ఆ కర్మాగారానిది. పొలం దున్నిన చేతులే అందులో కొన్ని ఉక్కు కరిగించాయి. ఊరు పోయినా ఉద్యోగం వచ్చిన ఇళ్లలో పిల్లలు చదువుకున్నారు, ఇంజినీర్లయ్యారు, విదేశాలకు వెళ్లారు. ఉద్యోగం రానివాళ్లూ వేలల్లోనే ఉన్నారు. కార్డు తండ్రి నుంచి కొడుకు చేతికి, కొన్ని ఇళ్లలో మనవడి చేతికీ వచ్చింది. ఆ కాగితాన్ని బీరువాలో పట్టుచీర మడతల్లో దాచుకునేవారికి అదొక్కటే పాత ఊరి గుర్తు. నాన్న పేరూ ఊరి పేరూ పక్కపక్కన ఉన్న చివరి కాగితం.

2000ల్లో ఇదే తీరంలో గంగవరం పోర్టు వచ్చింది. ఈసారి కదిలినవాళ్లు దిబ్బపాలెం మత్స్యకారులు. రైతుకు భూమి ఎక్కడ చూపినా భూమే అనుకోవచ్చేమో! గాలివాటం, అలల తీరు, చేప దొరికే చోటు తెలిసిన ఒడ్డును వదిలినవాళ్లకు కొత్త ఇంటి స్థలంలో సముద్రం రాదు కదా.

బెంగ వేరు... బాకీ వేరు!

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నిర్వాసితుల మాటల్ని వినేవాళ్లు ‘పాపం, పాత ఊరి మీద మమకారం’ అని జాలిపడి ఊరుకుంటారు. ఆ జాలిలో ఒక చిక్కుంది. ఊరి రామాలయం గుర్తొచ్చి కళ్లు తడవడం బెంగ. ఇస్తామన్న ఉద్యోగం కోసం దశాబ్దాలుగా ఎదురుచూడటం బెంగ కాదు, బాకీ. రెండింటికీ ఒకే పేరు పెడితే బాకీ ఉన్నవాళ్లకు సుఖం. నోస్టాల్జియా అన్న మెత్తటి మాట ఒక్కోసారి అలా కూడా ఉపయోగపడుతుంది!

ఈ పదం మీద 2001లో పుస్తకం రాసిన స్వెత్లానా బోయ్మ్ దీన్ని మరోలా విడదీసింది. లెనిన్‌గ్రాడ్‌లో పుట్టి అమెరికా వెళ్లిన రచయిత్రి ఆమె. నోస్టాల్జియా రెండు రకాలంది. మొదటిది, పోయిన ఇంటిని మళ్లీ యథాతథంగా కట్టేయాలనుకునేది. రెండోది, అది తిరిగి రాదని తెలిసే ఆ నొప్పిని ఓపిగ్గా తడిమి చూసుకునేది. పునరావాస కాలనీల పెద్దల్ని చూస్తే రెండో రకమే ఎక్కువ. ఫర్నేసు కూల్చి పొలం ఇచ్చేయమని వాళ్లు అడగడం లేదు. తమ ఊళ్ల మీద లేచిన కర్మాగారం చల్లగా ఉండాలనే కోరుకుంటున్నారు.

2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ కర్మాగారాన్ని ప్రైవేటీకరించాలని సూత్రప్రాయంగా నిర్ణయించినప్పుడు అది బయటపడింది. కూర్మన్నపాలెం కూడలిలో కార్మికుల దీక్షా శిబిరం వెయ్యి రోజులకు పైగా సాగింది. నిర్వాసితులూ గొంతు కలిపారు. భూములిచ్చింది ప్రభుత్వ పరిశ్రమకు కదా, రేపు అదే లేకపోతే తామిచ్చిన ఊరికి అర్థమేమిటన్నది వాళ్ల ప్రశ్న. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ప్రశ్న కాస్త సద్దుమణిగిందేగానీ పూర్తిగా పోలేదు.

చిత్రమేమిటంటే ఇప్పుడు ఉక్కునగరానికీ ఓ బెంగ తయారైంది. దేశం నలుమూలల నుంచీ వచ్చిన ఉద్యోగుల పిల్లలు అక్కడ సెక్టార్లలో పెరిగారు. చెట్ల నీడన సైకిళ్లు తొక్కారు. నాన్న రిటైరవగానే క్వార్టరు ఖాళీ చేయాలి. అదే ఇంట్లో ఇంకో కుటుంబం దిగుతుంది. ఎక్కడో అమెరికాలో ఉన్న ఆ పిల్లలకు ‘మా ఊరు’ అంటే సెక్టారు నంబరూ, క్వార్టరు నంబరూ. 64 ఊళ్లు వదిలి వెళ్లినచోట పుట్టిన ఊరు అది. దాని మీద పుట్టిన బెంగ కూడా నిజమైనదే. వాళ్లకూ అగనంపూడి పెద్దలకూ ఉన్న తేడా ఒక్కటే. పిల్లలు ఎప్పుడైనా వచ్చి, ఆ క్వార్టరు గేటు ముందు నిలబడి, ఫొటో తీసుకుని, కాంట్ చెప్పినట్టు కాస్త నిరాశపడి వెళ్లిపోవచ్చు. పెద్దలకు ఆ వీలు లేదు. వాళ్ల గేటు ఉన్నచోట ఇప్పుడు రైలు పట్టాలో, బొగ్గు గుట్టో ఉండొచ్చు.

శివరాత్రి దారి

అలాంటివాళ్లకు ఏడాదికోసారి ఒక దారి తెరుచుకుంటుంది. స్టీల్‌ప్లాంటును ఆనుకుని సముద్రం ఒడ్డున అప్పికొండ ఉంది. అక్కడి సోమేశ్వరస్వామి పురాతన ఆలయానికి మహాశివరాత్రికి జనం వేలల్లో వస్తారు. సముద్రస్నానం, దర్శనం, జాగారం. బస్సుల్లో, ఆటోల్లో, బండ్ల మీద వచ్చే ఆ జనంలో పునరావాస కాలనీల కుటుంబాలూ ఉంటాయి. కొత్త తరానికి అదో తీర్థం. పాత తరానికి దేవుడితోపాటు మరో దర్శనం కూడా.

దారిలో ఒకచోట పెద్దల చెయ్యి కిటికీలోంచి బయటికి చాచుకుంటుంది. ‘అల్లదిగో, ఆ గొట్టాం పక్కనే మన కళ్లం’. పిల్లలు అటు చూస్తారు. వాళ్లకు గొట్టమే కనిపిస్తుంది, పొగ కనిపిస్తుంది. ‘ఎక్కడ?’ అని అడుగుతారు. ఈలోపు బస్సు మలుపు తిరుగుతుంది. చాచిన చెయ్యి మాత్రం వెంటనే లోపలికి రాదు.